చట్రం లేని చిత్రానికి ఆమ్లరహిత వెనుక అట్ట: చేర్యాల నకాశీ చిత్రాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పటం కథలపై, జానపద చిత్రకళపై పరిశోధన చేసేవారి వద్దకు చట్రం లేని చిత్రాలు తరచుగా చేరుతుంటాయి. వాటిని భద్రపరచేటప్పుడు చిత్రం వెనుక ఉంచే అట్టకు సాధారణంగా ఎవరూ ప్రాధాన్యమివ్వరు. చిత్రం చెడిపోవడానికి ఆ అట్టే కారణమైన సందర్భాలు తక్కువేమీ కావు. అట్టలోని ఆమ్లం చిత్రానికి ఎలా చేరుతుంది, ‘ఆమ్లరహితం’ అనే మాటను ఎంతవరకు నమ్మవచ్చు, నకాశీ చిత్రాలకు ఏ రకం అట్ట తగినది, దానిని పరీక్షించేదెలా అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: చేర్యాల, నకాశీ, పటం కథ, ఆమ్లరహిత అట్ట, లిగ్నిన్, క్షారనిల్వ, పీహెచ్.

1. ఉపోద్ఘాతం

సిద్దిపేట జిల్లా జగదేవ్‌పూర్ మండలంలోని తీగుల్ నర్సాపూర్ దగ్గర కొండపోచమ్మ వెలసింది. కొమురవెల్లి మల్లన్నను దర్శించిన భక్తులు కొండపోచమ్మను కూడా దర్శించడం ఆనవాయితీ. మల్లన్న కొలువులో ఒగ్గు పూజారులు రంగుపొడులతో పట్నం వేస్తారు. కొలుపు ముగిసేసరికి ఆ పట్నం తొక్కుడులో చెదిరిపోతుంది. చెదిరిపోవడం దానికి లోపం కాదు, అదే దాని ధర్మం. ఇదే జిల్లాలోని చేర్యాలలో నకాశీలు గుడ్డపై వేసే పటం ధర్మం కొంత వేరు. అది కథకుని భుజాన ఊరూరా తిరుగుతుంది. ఏళ్ల తరబడి విప్పబడుతుంది, చుట్టబడుతుంది. పద్మశాలీలకు మార్కండేయ, భావనారుషి పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఇటువంటి పటాలను ఆధారం చేసుకొనే కథ నడుపుతారు. పటం జీర్ణించి కథకు పనికిరాకుండా పోయినప్పుడు దానికి చేయవలసిన క్రతువు చేసి నీటిలో కలపడం సంప్రదాయం. పాత పటాలు నేడు అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం.

పరిశోధకుడు ఈ క్రమంలోకి మధ్యలో ప్రవేశిస్తాడు. నీట కలవవలసిన పటాన్నో, దాని నుండి విడిపోయిన ముక్కనో అడిగి తెచ్చుకుంటాడు. కథకుని కుటుంబం నమ్మకంతో ఇస్తుంది. తెచ్చిన ముక్క మడత పడకుండా ఉండాలని దగ్గరలోని ఫోటో ఫ్రేముల దుకాణంలో దొరికే బూడిదరంగు అట్టపై అతికించి బీరువాలో పెట్టడం ఎక్కువగా జరిగే పని. పదేళ్ల తరువాత తీసి చూస్తే గుడ్డ వెనుక గోధుమరంగు పాకి ఉంటుంది. నీటిలో కలవనీయకుండా ఆపిన పటాన్ని అట్టకు అప్పగించడం సంరక్షణ అనిపించుకోదు.

పాత పటాల విషయమే కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన చేర్యాల చిత్రాలు నేడు చిన్న గుడ్డముక్కలపై, కాగితాలపై కూడా వస్తున్నాయి. వాటిని కొన్నవారు చట్రం కట్టించకుండా ఉంచుకోవడం పరిపాటి. నకాశీ శైలి ప్రభావంతో చిత్రాలు వేసిన సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) కాలపు కాగితపు చిత్రాలు, పత్రికల కోసం వేసిన రేఖాచిత్రాల మూలప్రతులు, రచయితల చేతిరాత పుటలు సైతం ఇదే కోవలోకి వస్తాయి. తెలుగు శాఖలలోని పరిశోధకుల ఇళ్లలో, కళాశాల గ్రంథాలయాలలో ఇటువంటివి ఎన్నో చట్రం లేకుండానే ఉన్నాయి. వీటన్నింటి ఆయుష్షు వెనుకనున్న అట్టపై కొంతైనా ఆధారపడి ఉంటుంది.

2. అట్ట నుండి చిత్రానికి ఆమ్లం చేరే తీరు

కాగితం, నూలుగుడ్డ రెండింటికీ మూలపదార్థం సెల్యులోజ్. అది పొడవైన గొలుసు వంటి అణువు. ఆమ్లం సమక్షంలో గాలిలోని తేమ ఆ గొలుసును మధ్యమధ్య తెంచుతుంది. దీనినే రసాయనశాస్త్రంలో జలవిశ్లేషణ అంటారు. ఇక్కడ ఆమ్లం ఉత్ప్రేరకం మాత్రమే. పని పూర్తయినా తాను ఖర్చు కాకుండా మిగిలి, మళ్లీ అదే పని చేస్తుంది. పైగా సెల్యులోజ్ చెడుతున్నకొద్దీ కొత్త ఆమ్లాలు పుడతాయి. అందువల్ల మొదట నెమ్మదిగా సాగిన క్షీణత రానురాను వేగం పుంజుకుంటుంది. పాత వార్తాపత్రిక మొదటి కొన్నేళ్లు పసుపురంగుకు తిరిగి ఊరుకున్నట్టు కనిపించి, తరువాత ఒక్కసారిగా పొడిపొడి కావడానికి కారణమిదే.

ఈ ఆమ్లం అట్టలోకి ఎలా వచ్చింది? పూర్వం కాగితాన్ని పాతగుడ్డల గుజ్జుతో చేసేవారు. హైదరాబాదు సంస్థానంలో భాగమైన దౌలతాబాదు సమీపంలోని కాగజీపుర ఆ పనికి పేరుపొందింది. 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఫ్రెడరిక్ ఇల్లిగ్, సిరా పీల్చుకోకుండా కాగితపు గుజ్జులోనే రోజనం, పటిక కలిపే పద్ధతిని ప్రకటించాడు. కాగితపు పరిశ్రమ వాడే పటిక అల్యూమినియం సల్ఫేటు. తేమ తగిలినప్పుడు అది ఆమ్లస్వభావం చూపుతుంది. 1844లో కెల్లర్ అనే మరొక జర్మన్ కలపను నూరి గుజ్జు చేసే యంత్రాన్ని రూపొందించాడు. గుడ్డల కొరత తీరింది, కాగితం చవకైంది. కానీ కలపలో సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. చెట్టును నిటారుగా నిలబెట్టేది అదే. కాగితంలో చేరిన లిగ్నిన్ వెలుతురు, గాలి తగిలి ఆక్సీకరణం చెందుతుంది. రంగు మారుతుంది, ఆమ్లాలను విడుదల చేస్తుంది. రోజనం, పటిక, లిగ్నిన్ కలిసిన కాగితం తన నాశనానికి కావలసిన సరంజామా అంతా తనలోనే మోస్తున్నట్టు లెక్క. అమెరికాలోని వర్జీనియాకు చెందిన విలియం జె. బారో 1930ల నుండి మూడు దశాబ్దాలకు పైగా జరిపిన పరిశీలనలు గ్రంథాలయ లోకాన్ని ఈ విషయంలో మేల్కొలిపాయి.

బారో గుర్తించిన వాటిలో అట్టకు నేరుగా సంబంధించినది ఆమ్లం వలసపోవడం. ఆమ్లం ఎక్కువగా ఉన్న కాగితం నుండి తక్కువగా ఉన్న కాగితానికి, కేవలం తాకి ఉండడం వల్లనే, ఆమ్లం చేరుతుంది. కొంత భాగం ఆవిరి రూపంలో కూడా ప్రయాణిస్తుంది. పాత పుస్తకంలో వార్తాపత్రిక ముక్క ఉంచి మరచిపోతే ఆ పుటలపై అదే ఆకారంలో గోధుమరంగు నీడ పడడం ఎవరైనా చూసి ఉంటారు. మంచి నూలుకాగితంపై వేసిన చిత్రం చవక అట్ట వెనుక ఉన్నందువల్లనే చవక కాగితం పాలిట గతి పడుతుంది.

నకాశీ చిత్రం విషయంలో ఈ హాని మరింత మోసకారి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పలుమార్లు పూత పూసి, ఆరిన తరువాత దానిపై బొమ్మ వేస్తారు. పూతా రంగులూ ముందువైపు ఉంటాయి. అట్టను తాకేది వెనుకనున్న గుడ్డ. కాబట్టి దెబ్బ మొదట తగిలేది నూలుపోగులకు. ముందు నుండి చూస్తే ఎర్రని నేలరంగు నిండుగానే కనిపిస్తుంది. గుడ్డ బలం కోల్పోయి పూతను పట్టి ఉంచలేని స్థితి వచ్చినప్పుడు మాత్రమే పగుళ్లు పైకి తేలతాయి, రంగు పెచ్చులుగా రాలుతుంది. అప్పటికి అట్ట మార్చి ప్రయోజనం స్వల్పం.

వేడిమి, తేమ ఈ చర్యలను త్వరపెడతాయి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే కాగితం క్షీణించే వేగం సుమారు రెట్టింపవుతుందని సంరక్షకులు స్థూలంగా లెక్కిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటి, వెంటనే వానాకాలపు తేమలోకి మారే తెలంగాణలో యూరప్ ప్రదర్శనశాలల అనుభవం ప్రకారం ‘కొన్నాళ్లకు ఫరవాలేదు’ అనుకునే అట్ట అన్నాళ్లు ఆగదు.

3. ‘ఆమ్లరహితం’ అనే మాట బరువెంత

ఆమ్లత్వాన్ని పీహెచ్ కొలమానంతో చెబుతారు. 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఈ కొలమానంలో ఒక్కొక్క అంకె పదిరెట్ల తేడాను సూచిస్తుంది. పీహెచ్ 5 ఉన్న అట్ట, పీహెచ్ 7 ఉన్న అట్టకంటే 2 అంకెలు కాదు, 100 రెట్లు ఎక్కువ ఆమ్లత్వం గలది.

అట్టపై ‘ఆమ్లరహితం’ అని ముద్రించి ఉంటే, తయారైన నాడు దాని పీహెచ్ 7 లేదా అంతకు పైన ఉన్నదని మాత్రమే సాధారణంగా అర్థం చేసుకోవాలి. రేపటి సంగతి ఆ మాట చెప్పదు. లిగ్నిన్ నిండిన నూరిన కలపగుజ్జులో సుద్ద కలిపి పీహెచ్ పెంచవచ్చు. కొన్నాళ్లకు లిగ్నిన్ నుండి పుట్టే ఆమ్లం ఆ సుద్దనంతా తినివేస్తుంది. ఆపైన అది మామూలు అట్టే. మరొక చిక్కు కూడా ఉన్నది. కొన్ని మౌంట్ బోర్డులకు పైకాగితం, వెనుకకాగితం మాత్రమే ఆమ్లరహితం. మధ్యనున్న గుజ్జు కాదు. కోసిన అంచులో ఆ మధ్యభాగమే బయటపడుతుంది. చిత్రం చుట్టూ కిటికీలా కోసిన మౌంటు అంచు వెంబడి కాగితంపై గోధుమరంగు గీత పడడం చూసినవారికి ఇది కొత్త కాదు.

అందువల్ల కొనేవారు దుకాణంలో అడగవలసిన ప్రశ్న ‘ఇది ఆమ్లరహితమా’ అన్నది కాదు. గుజ్జు దేనిది, లిగ్నిన్ తొలగించారా, క్షారనిల్వ ఉన్నదా, మందం మొత్తం ఒకే గుజ్జా అన్న నాలుగూ అడగాలి. మొదటి ప్రశ్నకు ఏ దుకాణదారుడైనా అవునంటాడు. తరువాతి వాటికి సమాధానం తయారీదారు ఇచ్చే వివరపత్రంలోనే దొరుకుతుంది.

శాశ్వత కాగితానికి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9706 (1994) ఇక్కడ మంచి కొలబద్ద. దాని ప్రకారం కాగితం పీహెచ్ 7.5కు, 10కి మధ్య ఉండాలి. సుమారు 2 శాతం కాల్షియం కార్బొనేటుకు సమానమైన క్షారనిల్వ ఉండాలి. కప్పా సంఖ్య 5కు తక్కువ కావాలి. కప్పా సంఖ్య గుజ్జులో మిగిలిన లిగ్నిన్ వంటి పదార్థాలను అంచనా కట్టే కొలత. ఈ ప్రమాణం కాగితానిదే అయినా, వివరపత్రంలో ఈ మూడు వివరాలూ ఉన్న అట్ట, ఊరకే ‘ఆర్కైవల్’ అని రాసి ఉన్న అట్టకంటే నమ్మదగినది. ‘ఆర్కైవల్’ అన్న మాటకు నిర్దిష్టమైన కొలత ఏదీ లేదు.

4. దొరికే అట్టలు – తగినవి, తగనివి

మండల కేంద్రాలలోని ఫ్రేముల దుకాణాలలో సర్వసాధారణంగా దొరికేది బూడిదరంగు అట్ట. పాతకాగితాలను తిరిగి గుజ్జు చేసి తయారు చేస్తారు. అందులో ఏమేమి కలిసిందో తయారీదారుకు కూడా తెలియదు. గడ్డి అట్ట, పెట్టెల అట్ట కూడా ఈ వర్గంలోనివే. ప్లైవుడ్, హార్డ్‌బోర్డు, ఎమ్‌డీఎఫ్ వంటివి గట్టిగా ఉంటాయన్న మాట నిజమే. కానీ కలప, దానిని అతికించిన జిగురు కలిసి ఆమ్లపు ఆవిరులను విడుదల చేస్తూనే ఉంటాయి. ఫ్లెక్సీ దుకాణాలలో సన్‌బోర్డు పేరుతో ఇచ్చే పీవీసీ నురుగు పలకలు తెల్లగా, నున్నగా, తేలికగా ఉండి చూపును ఆకర్షిస్తాయి. పీవీసీ కాలక్రమంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేయగలదు. ప్రదర్శనకు ఒకరోజు వాడినా, దాచడానికి మాత్రం అది పనికిరాదు. ఇవేవీ చిత్రాన్ని తాకకూడదు.

తగినవాటిలో అగ్రస్థానం నూరుశాతం నూలుగుజ్జు అట్టది. రాగ్ బోర్డు, మ్యూజియం బోర్డు అన్న పేర్లతో దొరుకుతుంది. నూలులో లిగ్నిన్ దాదాపు లేనే లేదు. దాని ధర ఎక్కువ. తరువాతి స్థానం రసాయన పద్ధతిలో లిగ్నిన్ తొలగించిన శుద్ధ కలపగుజ్జు అట్టది. ఆల్ఫా సెల్యులోజ్ అన్న పేరుతో ఉండే ఈ అట్ట క్షారనిల్వతో కూడినదైతే నకాశీ చిత్రాలకు, కాగితపు చిత్రాలకు సరిపోతుంది. ఈ రెండింటికీ నడుమ తేడా శాస్త్రీయంగా ఉన్నదే అయినా, కళాశాల గ్రంథాలయపు బడ్జెట్‌తో 10 చిత్రాలకు నూలు అట్ట కొని మిగిలిన 40 చిత్రాలను బూడిద అట్టపై వదిలివేయడం కంటే 50 చిత్రాలకూ ఆల్ఫా అట్ట కొనడమే వివేకం.

చేతితయారీ కాగితం విషయంలో ఒక అపోహ ఉన్నది. సాంగానేరు, పుదుచ్చేరి వంటి చోట్ల నూలు వ్యర్థాలతో మంచి చేతికాగితం తయారవుతున్నది. చేతితో చేసినదంతా ఆమ్లరహితమేనన్న నమ్మకం మాత్రం సరికాదు. గుజ్జు నూలుదైనా పటికతో పదును పెట్టినట్లయితే ఆమ్లం చేరినట్లే. నార, పూలరేకులు, గడ్డిపరకలు కలిపిన అలంకారపు కాగితాలు చూడడానికి ముచ్చటగా ఉంటాయి. చిత్రం వెనుక ఉంచదగినవి కావు. పరీక్షించి, పటిక లేదని తేలిన దళసరి నూలు చేతికాగితాన్ని రెండు మూడు పొరలుగా వాడుకోవడం మన ప్రాంతంలో తక్కువ ఖర్చుతో సాధ్యమయ్యే మంచి మార్గం.

కాగితేతరమైన వాటిలో పాలీప్రొపిలీన్ గాడి పలక ఉపయోగకరం. ఎన్నికల ప్రచార బోర్డులకు వాడే సన్‌ప్యాక్ పలకలు ఈ రకానివే. దానికి ఆమ్లం ఉండదు, నీటికి తట్టుకుంటుంది, చెదలు తినవు. కొత్తది, ముద్రణ లేనిది ఎంచుకోవాలి. అది తేమను పీల్చుకోదు గనుక చిత్రం దానినే నేరుగా తాకకుండా మధ్యన క్షారనిల్వ గల కాగితం ఒకటి ఉంచాలి. పలకను చుట్టూ మూసి బిగించకూడదు. లోపల తేమ చిక్కుపడితే బూజు పడుతుంది. పెద్ద చిత్రానికి గట్టి ఆధారం కావలసినప్పుడు వెనుక ఈ పలక, ముందు పలుచని ఆమ్లరహిత అట్ట అన్న అమరిక ఖర్చు రీత్యా మేలు. ఉన్న డబ్బును చిత్రాన్ని తాకే పొరపై ఖర్చు చేసి, బరువు మోసే పొరను చవకగా ముగించడం ఇందులోని కిటుకు.

మందం విషయంలో ఎక్కువ చర్చ అవసరం లేదు. అంతర్జాతీయ విపణిలో నాలుగు పొరల అట్టగా పేర్కొనేది సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. సాధారణ పరిమాణపు చిత్రాలకు అది చాలు. చిత్రంకంటే అట్ట నాలుగువైపులా కనీసం అంగుళం పెద్దదిగా ఉండాలి. చేత్తో పట్టుకునేది, దెబ్బ తగిలేది అట్ట అంచుకు కావాలి గాని చిత్రం అంచుకు కాదు.

5. క్షారనిల్వ అన్నింటికీ మంచిదేనా

అట్టలో కలిపే కాల్షియం కార్బొనేటు గాలి నుండి, చిత్రం నుండి వచ్చే ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు తటస్థపరుస్తుంది. నూలుగుడ్డ, కాగితం వంటి సెల్యులోజ్ వస్తువులకు ఇది మేలు చేస్తుంది. పట్టు, ఉన్ని వంటి ప్రొటీను వస్తువులకు మాత్రం క్షారం హాని చేస్తుంది. పట్టుగుడ్డపై చిత్రమైతే క్షారనిల్వ లేని, తటస్థమైన నూలు అట్ట ఎంచుకోవాలి.

రంగుల సంగతి చూడాలి. నకాశీల సంప్రదాయంలో ఇంగిలీకం, హరిదళం, నీలిమందు, దీపపుమసి, శంఖం నుండి తీసిన తెలుపు ప్రధానమైనవి. అట్ట తాకేది గుడ్డ వెనుకభాగాన్నే కనుక ఇక్కడ క్షారనిల్వ వల్ల భయం స్వల్పం. కాగితంపై నీటిరంగులతో వేసిన ఆధునిక చిత్రాల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ప్రష్యన్ నీలం క్షారానికి పాలిపోతుంది. పాత ఇళ్ల నక్షాలు, నీలిముద్రలు ఈ రంగుతో ఏర్పడినవే. అటువంటివి వస్తే తటస్థపు అట్టే శరణ్యం. ఛాయాచిత్రాలకు వేరే పరీక్ష ఉన్నది. అట్ట వివరపత్రంలో ఐఎస్ఓ 18916 ప్రకారం ఉత్తీర్ణమైనట్లు ఉండాలి. చిత్రంలో ఏ రంగు వాడారో తెలియనప్పుడు క్షారనిల్వ లేని నూలు అట్ట ఎంచుకోవడం వల్ల నష్టం తక్కువ.

హరిదళం ఆర్సెనిక్ సమ్మేళనం, ఇంగిలీకం పాదరసపు సమ్మేళనం. పాత పటాల నుండి రాలిన రంగుపొడిని వట్టిచేతులతో తుడవకూడదు. ఈ సంగతి అట్ట ఎంపికకు సంబంధించినది కాకపోయినా అట్ట మార్చేవారికి తెలిసి ఉండవలసినది.

6. పరీక్షించే విధానం

దుకాణదారుని మాటను, ముద్రించిన మాటను కూడా పరీక్షకు పెట్టవచ్చు. ఇందుకు మార్కెట్లో పీహెచ్ కలం దొరుకుతుంది. అందులోని క్లోరోఫినాల్ రెడ్ అనే సూచిక ఆమ్లపు అట్టపై పసుపుగానే ఉండిపోతుంది. తటస్థ, క్షార అట్టలపై ఊదారంగుకు తిరుగుతుంది. గీసిన చోట మచ్చ శాశ్వతం గనుక అట్ట మూలలో మాత్రమే గీయాలి, చిత్రంపై ఎన్నడూ గీయకూడదు. ఉపరితలంతో పాటు కోసిన అంచుపైనా, పొర చీల్చి మధ్యభాగంపైనా గీసి చూడాలి. పైన ఊదా, మధ్యన పసుపు వస్తే అది ముఖానికి మాత్రమే ఆమ్లరహితమైన అట్ట. రంగు అట్టలపై ఈ కలం ఫలితం స్పష్టంగా ఉండదు.

కలం లేనివారికి కళాశాలలోని రసాయనశాస్త్ర విభాగం ఉన్నది. అట్ట ముక్కలు 1 గ్రాము తూచి, 70 మిల్లీలీటర్ల స్వేదనజలంలో గంటసేపు నానబెట్టి ఆ నీటి పీహెచ్ మీటరుతో చూస్తే చాలు. స్వేదనజలం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తానే కొంత ఆమ్లమవుతుంది, పీహెచ్ 5.6 వరకు దిగవచ్చు. అందుకని మరిగించి చల్లార్చిన నీటిని వాడడం, అట్ట వేయని నీటిని కూడా పక్కన కొలిచి పోల్చడం అవసరం.

ఈ రెండు పరీక్షలూ లిగ్నిన్ గురించి ఏమీ చెప్పవు. పైన చెప్పినట్టు, సుద్ద కలిపిన నాసిరకం అట్ట ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. ఫ్లోరోగ్లూసినాల్ ద్రావణం లిగ్నిన్ ఉన్నచోట ముదురు గులాబీరంగు చూపుతుంది. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి ప్రయోగశాలలో, రసాయనశాస్త్ర అధ్యాపకుల సమక్షంలో, చిత్రాలు లేని గదిలో చేయవలసిన పరీక్ష ఇది. ఇంకా సులువైన మార్గం ఎండ. అట్టముక్కను సగం నల్లకాగితంతో కప్పి వేసవి ఎండలో మూడు నాలుగు వారాలు ఉంచాలి. పక్కనే వార్తాపత్రిక ముక్కను కూడా అలాగే ఉంచాలి. తెరిచి ఉన్న సగం వార్తాపత్రికవలె పసుపెక్కితే ఆ అట్టను వదలుకోవాలి. ఎండకు నిలిచినంత మాత్రాన అట్ట మంచిదని రుజువు కాదు. నిలవకపోతే మాత్రం చెడ్డదని గట్టి అనుమానం పడవచ్చు.

7. అట్టకు చిత్రాన్ని అమర్చడం, దాచడం, చూపడం

ఎంత మంచి అట్ట తెచ్చినా చిత్రాన్ని దానికి పూర్తిగా అతికిస్తే శ్రమ వ్యర్థం. వానాకాలంలో గుడ్డ, కాగితం సాగుతాయి, వేసవిలో ముడుచుకుంటాయి. అన్నివైపులా అతికిన చిత్రానికి కదలడానికి చోటుండదు, అలలుగా లేస్తుంది. సెలోటేపు జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. తెల్లని కృత్రిమ జిగురు ఎండిన తరువాత మళ్లీ విడదీయరానిది. మన జిల్దుసాజులు మైదాజిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం పాత అలవాటు. పుస్తకాన్ని పురుగు నుండి కాపాడే ఆ రాగి లవణమే సెల్యులోజ్ క్షీణతను త్వరపెడుతుంది. మైలుతుత్తం లేకుండా అప్పటికప్పుడు ఉడికించిన గోధుమపిండి జిగురుతో, పలుచని జపాను కాగితపు పట్టీలను చిత్రం పై అంచున రెండుచోట్ల కట్టి వేలాడదీయడం ప్రపంచమంతటా ఆమోదించిన పద్ధతి. ఆ పాటి పని కూడా కష్టమనుకుంటే, ఆమ్లరహిత కాగితాన్ని మడిచి నాలుగు మూలలకు జేబులు చేసి, జేబులను మాత్రమే అట్టకు అతికించాలి. చిత్రానికి జిగురు అంటనే అంటదు. గంజిపూత గల నకాశీ చిత్రానికి తడిజిగురు అసలు తాకకపోవడమే మంచిది కనుక ఈ రెండవ పద్ధతే దానికి అనువు.

చిత్రంపై ధూళి పడకుండా పాలియెస్టరు పలుచని పొర కప్పే అలవాటు కాగితపు పత్రాలకు సరిపోతుంది. నకాశీ చిత్రానికి సరిపోదు. ఆ పొరలోని స్థిరవిద్యుత్తు వదులుగా ఉన్న రంగురేణువులను లాగివేస్తుంది. దానికి బదులు, కిటికీలా కోసిన రెండవ అట్టను ముందువైపు ఉంచి, దానిపై నున్నని ఆమ్లరహిత కాగితం కప్పాలి. కిటికీ అట్ట మందం వల్ల కప్పిన కాగితం రంగును తాకదు. ఇలా తయారైన జోడీలను ఇనుపబీరువాలో పడుకోబెట్టి, ఒక పెట్టెకు పది మించకుండా పేర్చాలి. చెక్క అర అయితే అడుగున పాలీప్రొపిలీన్ పలక పరచాలి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకు అవకాశం. గంజి, చింతగింజల అంబలి ఉన్న చిత్రాలపై వెండిపురుగు, బూజు రెండింటికీ మక్కువ ఎక్కువ. బయటిగోడకు ఆనించిన బీరువా వానాకాలంలో చెమ్మగిల్లుతుంది, దానిని జానెడు ముందుకు జరపాలి. వేపాకు వేసేవారు బాగా ఎండినది గుడ్డసంచిలో కట్టి పెట్టాలి. పచ్చి ఆకు తేమను తెస్తుంది.

సదస్సులలో చట్రం లేకుండా చూపవలసినప్పుడు అట్టతో సహా వాలుబల్లపై నిలబెట్టడం తగిన పద్ధతి. నీటిరంగులకు, పాత సహజవర్ణాలకు 50 లక్సుల వెలుతురు మించరాదన్నది ప్రదర్శనశాలల నియమం. కిటికీ పక్కన పగటి వెలుతురు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. హరిదళపు పసుపు వెలుతురుకు తొందరగా పాలిపోతుంది.

పూర్తి నిడివి పటానికి అట్ట సమస్యే రాదు. అడుగుల కొద్దీ సాగే పటాన్ని ముక్కలు చేసి అట్టలపై అమర్చడమంటే కథను ముక్కలు చేయడమే. దానిని కనీసం నాలుగంగుళాల వ్యాసం గల ఆమ్లరహిత గొట్టానికి, బొమ్మ వెలుపలి వైపు ఉండేలా, మధ్యన పలుచని ఆమ్లరహిత కాగితం వేస్తూ వదులుగా చుట్టాలి. బొమ్మ లోపలికి చుట్టితే రంగుపూత నలుగుతుంది. అట్ట అవసరమయ్యేది అప్పటికే విడిపోయిన ముక్కలకు, మొదటి నుండి ఒంటి బొమ్మలుగా వేసిన చిత్రాలకు మాత్రమే.

పాత అట్ట మార్చేటప్పుడు దాని వెనుక ఏమైనా రాసి ఉన్నదేమో చూడాలి. కొన్నిచోట్ల కథకుని పేరు, ఊరు, ఇచ్చిన తేదీ ఆ బూడిద అట్టపైనే ఉంటాయి. అట్టను పారవేసే ముందు ఆ రాతను ఛాయాచిత్రం తీసి, కొత్త అట్ట వెనుక అడుగుభాగాన మెత్తని పెన్సిల్‌తో తిరిగి రాయాలి. బాల్‌పెన్ను, స్కెచ్‌పెన్ను వాడరాదు. వాటి రంగు కొన్నేళ్లకు ఇవతలికి ఇంకుతుంది. చిత్రించిన కుటుంబం, కథ చెప్పిన సముదాయం, కథలోని ఘట్టం, సేకరించిన ఊరు, అట్ట మార్చిన సంవత్సరం, అట్ట రకం అన్నీ అక్కడ ఉండాలి. పటాన్ని ఇచ్చిన కథకుడు అది ఎప్పటికైనా తిరిగి రావాలని, తమ పద్ధతిలో నీట కలపాలని కోరి ఉంటే ఆ మాట కూడా అదే చోట, అదే పెన్సిల్‌తో నమోదు కావాలి.